టీ-55 ఇంజన్ నమూనా: ఎదురెదురు సిలిండర్లు, గొట్టాలు, రంగు – తెలిసినవారు చెప్పండి

చిన్నకొలత (విజయవాడ)

అందరికీ నమస్కారం. 1/35 కొలతలో సోవియట్ టీ-55 ట్యాంకు నమూనా కడుతున్నాను. మినీఆర్ట్ వారి కిట్, లోపలి భాగాలు కూడా ఉన్నది. టరెట్, చక్రాలు, ట్రాకులు పూర్తయ్యాయి. ఇంజన్ గది మూతలు తెరిచి ఉంచి, లోపల ఇంజన్ స్పష్టంగా కనిపించేలా చేయాలన్నది మొదటి నుంచీ నా పట్టుదల. తీరా అక్కడికి వచ్చాక ఆగిపోయాను.

నేను మెకానికల్ డిప్లొమా చదివాను. వీ ఆకారపు ఇంజన్‌లో ఒకే క్రాంకుపిన్ను (తిరిగే ఇరుసు మీది పిన్ను) మీద రెండు కనెక్టింగ్ రాడ్లు (పిస్టన్లను ఆ పిన్నుకు కలిపే కడ్డీలు) పక్కపక్కన కూర్చుంటాయి కాబట్టి, ఒక వరుస సిలిండర్లు రెండో వరుస కంటే రాడ్డు మందమంత ముందుకు జరిగి ఉంటాయని మాకు చెప్పారు. ఈ కిట్‌లో మాత్రం రెండు వరుసలూ గీత గీసినట్టు సరిగ్గా ఎదురెదురుగా ఉన్నాయి. అచ్చు చేసినవారు పొరబడ్డారా? ఒక వరుసను కోసి కాస్త జరపమంటారా? రంపం చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

గొట్టాల విషయంలోనూ ఇదే ఇబ్బంది. అసలు ఇంజన్ ఫోటోల్లో సన్నవీ లావువీ బోలెడు గొట్టాలు అల్లుకుని ఉన్నాయి. కిట్‌లో ఇచ్చినవి కొన్నే. ఏది ఎక్కడ బయలుదేరి ఎక్కడికి పోతుందో తెలియకుండా ఊహించి తగిలించడం నాకు ఇష్టం లేదు. రంగు కూడా అంతే. ఒక ఫోటోలో వెండిలా మెరుస్తోంది, ఇంకొక దానిలో ఆకుపచ్చ, మరొకచోట బూడిద రంగు.

ఇంకొక సంగతి, ఇది మోడల్ గురించి కాదు. మా జిల్లాలో ఒక కాలేజీ ముందు దిమ్మె మీద పాత ట్యాంకు ఒకటి ఉంది. దాన్ని శుభ్రం చేసి రంగు వేయించాలని పూర్వ విద్యార్థులం కొందరం అనుకుంటున్నాం. లోపల ఇంజన్ ఉంటే బ్యాటరీలు పెట్టి ఒకసారి స్టార్టు చేసి చూద్దామని కొందరు మహా ఉత్సాహంగా ఉన్నారు. అది అయ్యే పనేనా?

పాత మెకానిక్ (తాడేపల్లిగూడెం)

బాబూ, ముందు ఆ రంపం పక్కన పెట్టండి. మీ కిట్‌లో తప్పేమీ లేదు.

నేను సైన్యంలో యంత్రాల మరమ్మతులు చూసే ఈఎంఈ విభాగంలో ట్యాంకు మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. సికింద్రాబాద్‌లో శిక్షణ, ఆ తర్వాత ఏళ్ల తరబడి టీ-55, చివర్లో టీ-72. ఈ ఇంజన్ అంటే నాకు ప్రాణం. అందువల్ల కొంచెం పొడవుగానే రాస్తాను.

టీ-55లో ఉన్నది వీ-55. దీని మూలం వీ-2 అనే డీజిల్ ఇంజన్, ఖార్కోవ్‌లో పుట్టింది, 1939 నుంచి తయారవుతోంది. రెండో ప్రపంచ యుద్ధంలో టీ-34, కేవీ ట్యాంకులను నడిపింది అదే. పన్నెండు సిలిండర్లు, వరుసల మధ్య 60 డిగ్రీలు, 38.8 లీటర్లు. టీ-34లో 500 హార్స్‌పవర్ ఇచ్చింది, టీ-54లో 520, టీ-55లో 580. గాలిని ఒత్తిడితో ఎక్కించే సూపర్‌ఛార్జర్ తగిలించి టీ-72లో 780కి తెచ్చారు. టీ-90లో టర్బోతో 1000కి చేరింది. ఇంత మారినా సిలిండర్ వ్యాసం ఆనాటి 150 మిల్లీమీటర్లే. నేను టీ-55 నుంచి టీ-72కి మారినప్పుడు మూత తెరిచి చూడగానే పాత స్నేహితుడే పలకరించినంత సంతోషం కలిగింది. 1971లో లోంగేవాలా ఇసుకలో పాకిస్తాన్ వదిలేసి పోయిన టైప్-59 ట్యాంకుల్లో ఉన్నది కూడా ఈ ఇంజన్ చైనా రూపమే.

ఇక మీ సందేహం. మీకు చెప్పిన పాఠం తప్పు కాదు, కానీ అది పక్కపక్క రాడ్ల ఇంజన్లకే వర్తిస్తుంది. ఇందులో రాడ్లు అలా ఉండవు. ఎడమ వరుస రాడ్డు ఒక్కటే క్రాంకుపిన్నును పట్టుకుంటుంది. దాన్ని మాస్టర్ రాడ్ అంటాం. కుడి వరుస రాడ్డు క్రాంకును తాకనే తాకదు. మాస్టర్ రాడ్డు పెద్ద తలకు పక్కన ఒక చెవి ఉంటుంది, ఆ చెవిలో పిన్నుతో దీన్ని బిగిస్తారు. అన్న భుజం పట్టుకుని నడిచే తమ్ముడిలా అది మాస్టర్ రాడ్డు ఎటు పోతే అటు పోతుంది. రెండూ ఒకే తలంలో కదులుతాయి కాబట్టి సిలిండర్లు సరిగ్గా ఎదురెదురుగా ఉంటాయి, ఇంజన్ పొడవు తగ్గుతుంది. దీనికి చెల్లించే మూల్యం ఒకటుంది: ఎడమ పిస్టన్ 180 మిల్లీమీటర్లు నడిస్తే కుడి పిస్టన్ 186.7 నడుస్తుంది. ఒకే ఇంజన్‌లో రెండు వరుసలకు రెండు స్ట్రోకులు (పిస్టన్ నడిచే దూరాలు). శిక్షణలో మొదటిసారి ఈ అంకెలు విన్నప్పుడు తరగతిలో ఎవరూ నమ్మలేదు. మా ఉస్తాద్ కోసి ఉంచిన ఇంజన్ దగ్గరికి తీసుకుపోయి, డయల్ గేజి పెట్టి కొలిచి చూపించారు.

గొట్టాల దగ్గరికి వద్దాం. ఎన్ని గొట్టాలున్నాయో లెక్కపెట్టకండి. ఇంజన్‌లోకి ఏవి వస్తాయి, ఏవి పోతాయి అన్నది చూడండి. గాలి, డీజిల్, నూనె, నీళ్లు, స్టార్టు చేయడానికి వాడే ఒత్తిడి గాలి, పొగ. మీరు తగిలించే ప్రతి గొట్టానికీ ఒక మొదలు, ఒక చివర ఉండాలి. ఎక్కడికీ పోని గొట్టం ఒక్కటి ఉన్నా, ఈ ఇంజన్ మీద పనిచేసినవాడి కన్ను నేరుగా అక్కడికే పోతుంది.

డీజిల్: ఇంజెక్షన్ పంపు రెండు వరుసల మధ్య పల్లంలో, పొడవునా పడుకుని ఉంటుంది. అందులో డీజిల్‌ను నెట్టే పన్నెండు ప్లంజర్లు. అక్కడి నుంచి సన్నని ఉక్కు గొట్టాలు ఆరు ఇటు, ఆరు అటు పోతాయి. డీజిల్ అందే వరుస నాకు ఇప్పటికీ నోటికి వచ్చు: 1 ఎడమ, 6 కుడి, 5 ఎడమ, 2 కుడి, 3 ఎడమ, 4 కుడి, 6 ఎడమ, 1 కుడి, 2 ఎడమ, 5 కుడి, 4 ఎడమ, 3 కుడి. ఈ పన్నెండు గొట్టాలు మీ మోడల్‌కు ప్రాణం. పైనుంచి చూసేవాళ్లకు మొదట కనిపించేవి ఇవే. అసలు గొట్టం మందం ఆరేడు మిల్లీమీటర్లు, అంటే 1/35లో 0.2 మిల్లీమీటరు. మామూలు ఫ్లెక్సిబుల్ కరెంటు వైరు పైతొడుగు ఒలిస్తే లోపల దొరికే రాగి తీగ చాలు. లావు తీగ వాడితే మాత్రం చెడిపోతుంది.

స్టార్టింగ్ గాలి: ఈ ఇంజన్‌ను విద్యుత్ స్టార్టరుతోనూ తిప్పవచ్చు, సీసాల్లో నింపిన ఒత్తిడి గాలితోనూ తిప్పవచ్చు. గాలి ఒక పంపిణీ పెట్టెలోకి వచ్చి, అక్కడి నుంచి మరో పన్నెండు సన్నని గొట్టాల ద్వారా ఒక్కొక్క సిలిండర్ హెడ్డుకు (పై మూతకు) చేరుతుంది. చాలామంది మోడల్ కట్టేవాళ్లు వీటిని పూర్తిగా వదిలేస్తారు. వదలకండి. చలికాలం తెల్లవారుజామున బ్యాటరీలు నీరసపడి ఉన్నప్పుడు, వాల్వు తిప్పగానే బుస్సుమని గాలి దూరి ఆ క్రాంకు కదిలిన క్షణం మాకు ఎంత ధైర్యమో చెప్పలేను. టీ-55లో ఆ సీసాలను మళ్లీ నింపడానికి ఏకే-150 అనే కంప్రెసర్ కూడా పెట్టారు, 150 అట్మాస్ఫియర్ల దాకా నింపుతుంది.

నూనె: అడుగున తొట్టెలో నూనె నిలవ ఉండదు. ట్యాంకు వేరుగా ఉంటుంది. నూనె పంపులో మూడు భాగాలు, ఒకటి నెడుతుంది, రెండు అడుగు నుంచి తోడి తిరిగి పంపుతాయి. కాబట్టి ఇంజన్‌కూ నూనె ట్యాంకుకూ మధ్య రాకపోకలకు లావు గొట్టాలు ఉండి తీరాలి. స్టార్టు చేసే ముందు ఒక చిన్న విద్యుత్ పంపుతో నూనెను బేరింగుల దాకా నెట్టి, గేజి ముల్లు లేచాకే తిప్పాలి. పొడి బేరింగు మీద ఇంత బరువైన క్రాంకును తిప్పడం మహాపాపం, ఆ మాట మాకు బెత్తంతో నేర్పారు.

గాలి శుద్ధి గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఎడారిలో ట్యాంకు బతుకు దాని మీదే ఆధారపడింది. టీ-55లో వీటీఐ-4 అనే శుద్ధి యంత్రం. లోపలికి వచ్చే గాలి ముందు చిన్న చిన్న సుడిగొట్టాల్లో తిరిగి బరువైన దుమ్మును వదిలేస్తుంది. ఆ తర్వాత నూనెలో తడిపిన ఇనుప తీగ చట్రాల గుండా పోతుంది. సుడిగొట్టాలు వదిలిన దుమ్మును బయటికి లాగేది ఎవరనుకుంటున్నారు? ఎగ్జాస్టు. పొగ వేగంగా పోతుంటే పుట్టే పీల్పుతో ఆ దుమ్ము పొగతో కలిసి బయటికి పోతుంది. అంటే శుద్ధి యంత్రం నుంచి ఎగ్జాస్టుకు ఒక గొట్టం ఉండాలి. మోడళ్లలో నేను చూసినంతవరకు ఈ గొట్టం కనపడదు. మీరు పెట్టండి. రాజస్థాన్‌లో విన్యాసాలు జరిగినప్పుడు ఆ తీగ చట్రాలను డీజిల్‌లో కడిగి, ఆరబెట్టి, మళ్లీ నూనెలో ముంచి పెట్టడమే మా సాయంకాలం పని. అది ఒక్కరోజు వాయిదా వేసినా లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు), పిస్టన్ రింగులు అరగడం మొదలవుతుంది. 1942లో అమెరికావాళ్లు తమ అబెర్డీన్ పరీక్షా కేంద్రంలో టీ-34ను పరీక్షించినప్పుడు ఇంజన్‌ను మెచ్చుకుని, గాలి శుద్ధి యంత్రాన్ని మాత్రం తీవ్రంగా తప్పుపట్టారు. వాళ్లు అన్నది న్యాయమే.

పొగ గొట్టాలు వరుసలకు బయటి వైపున ఉంటాయి, గాలి లోపలికి వచ్చేవి మధ్య పల్లం వైపున. ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది కాబట్టి ఒక పొగ గొట్టం ముందు వైపుకు, ఒకటి వెనక వైపుకు వస్తుంది. రెండూ కలిసి ట్యాంకు ఎడమ పక్క నుంచి బయటపడతాయి. పొగతెర కోసం వేడి ఎగ్జాస్టులోకి డీజిల్ చిమ్మే సన్నని గొట్టం కూడా అక్కడే ఉంటుంది. నీళ్ల పంపు ఇంజన్ కొసన కింద ఉంటుంది, పైనుంచి పెద్దగా కనిపించదు, అక్కడ మీ సమయం వృథా చేసుకోవద్దు.

రంగుకు వస్తే, క్రాంక్‌కేసు, బ్లాకులు, హెడ్లు అన్నీ అల్యూమినియం మిశ్రమం. నా చేతుల మీదుగా పోయినవి వెలిసిన అల్యూమినియం రంగులోనే ఉండేవి. మ్యూజియంలో చూపడానికి కోసిపెట్టిన ఇంజన్లకు భాగాలు తెలియాలని ఎర్రటి, పచ్చటి రంగులు వేస్తారు, వాటిని చూసి నకలు చేయవద్దు. మెరిసే వెండి రంగు అసలు వద్దు. దాని మీద పొగాకు రంగు నూనె జిడ్డు పల్చగా పూయండి. ఎక్కడ పూయాలో కూడా చెబుతాను: హెడ్డు, బ్లాకు కలిసే గీత వెంబడి. ఈ ఇంజన్‌కు ఆ కీలు దగ్గర వాయువు కారడం పుట్టుకతో వచ్చిన బలహీనత. అక్కడి నుంచి కిందికి సన్నగా నల్లని చార దిగుతుంది. మధ్య పల్లంలో, పంపు కింద, దుమ్మూ డీజిలూ కలిసి మెత్తని బురదలా పేరుకుంటుంది.

కాలేజీ ట్యాంకు సంగతి: బ్యాటరీలు పెట్టి స్టార్టు చేయాలన్న ఆలోచన ఈ రోజే మానిపించండి. అది సైన్యం ఇచ్చిన ట్యాంకు, మూత తెరవాలన్నా వారి అనుమతి కావాలి. చాలావాటిలో ఇంజన్ తీసేసే ఇస్తారు. ఒకవేళ ఉన్నా, దశాబ్దాలు వానలో నిలిచిన ఇంజన్‌ను స్టార్టరుతో తిప్పితే మిగిలినదీ పోతుంది. నిజంగా బతికించాలంటే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు తీసి, ఆ రంధ్రాల గుండా కెమెరా పంపి లైనర్లకు తుప్పు ఎంత పట్టిందో చూడాలి. పలచని నూనె పోసి, రోజుల తరబడి నాననిచ్చి, చేత్తో కొద్దికొద్దిగా కదిలించాలి. లైనర్ల అడుగున ఉండే రబ్బరు రింగులు గట్టిపడి ఉంటాయి, మార్చకపోతే నీళ్లు నూనెలో కలుస్తాయి. అన్నిటికంటే ప్రమాదం పంపులో ఉంది. పాత డీజిల్ జిగురై ప్లంజర్లు బిగుసుకుపోయి, నియంత్రణ కడ్డీ పూర్తి ఇంధనం దగ్గర ఇరుక్కుంటే, స్టార్టయిన ఇంజన్ ఎవరి మాటా వినదు. వేగం పెరిగి పెరిగి పగిలిపోతుంది. అందుకే పాత డీజిల్ ఇంజన్‌ను మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు గాలి వచ్చే ద్వారం మూయడానికి ఒక మనిషి పలక పట్టుకుని సిద్ధంగా నిలబడి ఉండాలి. పూర్వ విద్యార్థుల సరదాకు ఇది తగిన పని కాదు.

లేత్ పనివాడు (ఆటోనగర్)

పాత మెకానిక్ గారికి దండాలు. 180, 186.7 అన్న అంకెలు చూసి నిద్రపట్టలేదు. మాది లేత్ షాపు, క్రాంక్‌షాఫ్టులు గ్రైండ్ చేస్తాం. సెలవు రోజుల్లో తిరిగే నమూనాలు చేయడం నా అలవాటు.

ఇదే ఇంజన్‌లో ఒక జత సిలిండర్లను మాత్రం 1/10 కొలతలో, కోసినట్టు లోపల కనిపించేలా చేస్తున్నాను. పిస్టన్ వ్యాసం 15 మిల్లీమీటర్లు, క్రాంకు అర్ధవ్యాసం 9. మాస్టర్ రాడ్డు, దానికి బిగించే కుడి వరుస రాడ్డు (లింక్ రాడ్డు అంటారు) ఇత్తడి పలకలోంచి తీశాను. అల్యూమినియం తేలిక కానీ ఇంత చిన్న పిన్నుల దగ్గర త్వరగా అరుగుతుంది, ఇత్తడి నిలబడుతుంది. క్రాంక్‌కేసుకు మాత్రం త్రీడీ ప్రింటులో రెజిన్ వాడాను, లోహంలోంచి చెక్కడానికి అంత పని అనవసరం.

చేత్తో తిప్పి చూస్తే విషయం కళ్ల ముందు తేలిపోయింది. లింక్ రాడ్డు పిన్ను గుండ్రంగా తిరగదు. అది మాస్టర్ రాడ్డుతోపాటు ఊగుతూ పోతుంది కాబట్టి కొంచెం సాగిన కోడిగుడ్డు ఆకారంలో దారి గీస్తుంది. కుడి పిస్టన్ ఎక్కువ దూరం పోవడానికి కారణం అదే. పక్కన ఒక కాగితం అంటించి, పిన్ను కొసకు పెన్సిల్ ముక్క తగిలించి తిప్పితే ఆ ఆకారం కాగితం మీద పడింది. మా దగ్గర పని నేర్చుకునే కుర్రవాళ్లు వచ్చి తిప్పి తిప్పి చూస్తున్నారు. వెర్నియర్‌తో కొలిస్తే కుడి పిస్టన్ 18.6కూ 18.7కూ మధ్య ఆగింది.

చిన్నకొలత గారూ, మీ రాగి తీగ విషయంలో ఒక మాట. తీగను వంచే ముందు దీపం మంట మీద ఎర్రబడేదాకా చూపి చల్లారనివ్వండి, మెత్తబడి చెప్పినట్టు వింటుంది. తర్వాత ఒక కొస వైసుకు బిగించి, రెండో కొస పట్టకారుతో పట్టి కొంచెం లాగండి. ముడతలన్నీ పోయి ఉక్కు గొట్టంలా తిన్నగా వస్తుంది. ఒకే వంపు ఆరుసార్లు రావాలంటే చెక్కముక్క మీద చిన్న మేకులు కొట్టి, వాటి చుట్టూ వంచండి. అప్పుడు ఆరు గొట్టాలూ ఒక్కలాగే ఉంటాయి.

డోర్సెట్ తెలుగు (ఇంగ్లండ్)

బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియానికి దగ్గర్లో ఉంటాను, వీలున్నప్పుడల్లా వెళతాను. రాడ్ల సంగతి రాగానే చేయి ఊరుకోలేదు.

ఒకే సమస్యకు ఇంగ్లండులో వేరే పరిష్కారం కనుక్కున్నారు. క్రామ్‌వెల్, సెంచూరియన్ ట్యాంకుల్లో ఉన్న మీటియార్ ఇంజన్ నిజానికి స్పిట్‌ఫైర్ విమానాన్ని నడిపిన మెర్లిన్. సూపర్‌ఛార్జర్ తీసేసి, తిరిగే దిశ మార్చి ట్యాంకులో పెట్టారు. 27 లీటర్లు, పెట్రోలు. క్రామ్‌వెల్‌లో 600 హార్స్‌పవర్, సెంచూరియన్‌లో 650. 1943లో రోల్స్ రాయిస్ ఈ ట్యాంకు ఇంజన్ పనిని రోవర్‌కు ఇచ్చి, బదులుగా రోవర్ దగ్గరున్న జెట్ ఇంజన్ పనిని తీసుకుంది. దీనిలో ఒక వరుస రాడ్డు అడుగుభాగం రెండుగా చీలి క్రాంకుపిన్నును పట్టుకుంటుంది, రెండో వరుస రాడ్డు సన్నగా ఆ చీలిక మధ్యలో కూర్చుంటుంది. ఇక్కడా సిలిండర్లు ఎదురెదురుగానే ఉంటాయి, కానీ రెండు వరుసల స్ట్రోకూ ఒక్కటే, 152 మిల్లీమీటర్లు. పనితనం చూస్తే నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. మెకానిక్ గారు ఒప్పుకోరని తెలుసు!

మన చరిత్రలోనూ ఈ మీటియార్ ఇంజన్‌కు చోటుంది. 1971 డిసెంబరు 16న పాకిస్తాన్‌తో యుద్ధంలో బసంతర్ నది దగ్గర పూనా హార్స్ ట్యాంకు దళానికి చెందిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ చివరిదాకా పోరాడిన 'ఫామాగుస్తా' అనే ట్యాంకు సెంచూరియనే.

కాలేజీ ట్యాంకు గురించి మెకానిక్ గారు చెప్పినదానికి ఒకటి చేరుస్తాను. ఆ తరం సైనిక వాహనాల్లో ఎగ్జాస్టు చుట్టలలో, గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. గేజీల అంకెలకు వెలిగే రేడియం పూత కూడా ఉండవచ్చు. తెలియనివాళ్లు బ్రష్షుతో గీకితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇక్కడి మ్యూజియంలో, 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో పట్టుబడిన టైగర్ 131 ఇప్పటికీ సొంత శక్తితో నడుస్తుంది. దాన్ని ఆ స్థితికి తేవడానికి ఏళ్లు పట్టింది. అయినా ప్రత్యేకమైన రోజుల్లో మాత్రమే, కొద్దిసేపే బయటికి తెస్తారు. నడిచిన ప్రతి నిమిషమూ మళ్లీ దొరకని లోహాన్ని అరగదీస్తుందని వాళ్లకు తెలుసు.

చిన్నకొలత (విజయవాడ)

పెద్దలందరికీ ధన్యవాదాలు. రంపం లోపల పెట్టేశాను. లేత్ పనివాడు గారు చెప్పిన మేకుల చెక్క చేసుకున్నాను, డీజిల్ గొట్టాలు పన్నెండూ అమిరాయి. శుద్ధి యంత్రం నుంచి ఎగ్జాస్టుకు పోయే గొట్టం సీసం తీగతో చేస్తున్నాను.

కాలేజీ యాజమాన్యం మా మాట మీద సైన్యానికి ఉత్తరం రాసింది. ఒక అధికారి ఇద్దరు మనుషులతో వచ్చి చూశారు. వెనక మూతలకు వెల్డింగు చేసి ఉంది, లోపల ఇంజన్ లేదని చెప్పారు. మాకు పైభాగం రంగు వరకే అనుమతి వచ్చింది. రంగు కాక మేం చేయగలిగింది ఏమైనా ఉందా? ఇంకొకటి, దీని తర్వాత ఏ ఇంజన్ కట్టమంటారు?

పాత మెకానిక్ (తాడేపల్లిగూడెం)

శభాష్ బాబూ, ఉత్తరం రాయించి మంచి పని చేశారు.

డోర్సెట్ తమ్ముడికి ముందు జవాబు. ఆ చీలిక రాడ్డు అందమైనదే, కాదనను. కానీ యుద్ధం మధ్యలో, కార్ఖానాను ఊళ్లకు ఊళ్లు తరలించుకుంటూ, కొత్తగా పని నేర్చుకున్న చేతులతో వేల కొద్దీ తయారుచేయాల్సి వచ్చినప్పుడు మావాడు, అంటే వీ-2, నిలబడ్డాడు. అందుకే నా ఓటు వాడికే.

ట్యాంకుకు మీరు చేయగలిగిన అతి ముఖ్యమైన పని నీళ్లు నిలవకుండా చూడటం. అడుగు పలకలో నీళ్లు పోయే రంధ్రాలుంటాయి, వాటి బిళ్లలు తీయించమని ఆ అధికారిని అడగండి. ఆకులు, మట్టి పేరుకుని రంధ్రం మూసుకుంటే వానాకాలంలో పొట్ట నిండా నీళ్లే. టరెట్ కింది అంచు చుట్టూ, మూతల కీళ్ల దగ్గర గ్రీజు పెట్టించండి. ట్రాకు దిమ్మెను తాకే చోట తడి ఎక్కువసేపు ఉంటుంది, అక్కడ తుప్పు గీకి ప్రైమర్ వేశాకే రంగు వేయండి. పాత రంగు మీద కొత్త రంగు పూస్తే రెండేళ్లలో పెచ్చులుగా ఊడుతుంది. గీకే ముందు తడపండి, ముక్కుకు మంచి మాస్కు పెట్టుకోండి, పాత రంగుల్లో సీసం ఉండవచ్చు.

తర్వాతి ఇంజన్ అంటారా? మీకు ఓపిక ఉందని తేలింది కాబట్టి చెబుతున్నాను: అమెరికా షెర్మన్ ఎం4ఏ4 ట్యాంకులోని క్రైస్లర్ మల్టీబ్యాంక్ ఇంజన్. అమెరికాలో ట్యాంకు ఇంజన్లకు కొరత వచ్చినప్పుడు, ఆరు సిలిండర్ల కారు ఇంజన్లు అయిదింటిని ఒకే షాఫ్టు చుట్టూ బిగించి ఒక్కటి చేశారు. ముప్పై సిలిండర్లు, ముప్పై ప్లగ్గులు, అయిదు కార్బురేటర్లు. అది పట్టడానికి ట్యాంకు పొడవునే 11 అంగుళాలు పెంచారు. నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంటులో మూలాలున్న దక్కన్ హార్స్ 1945లో బర్మాలో, మెయిక్టిలా దాకా ఈ షెర్మన్లతోనే వెళ్లింది. మన నేల పేరు మోసిన దళం కాబట్టి ఆ ఇంజన్ ఒక తెలుగువాడి చేతిలో తయారైతే నాకు చాలా సంతోషం.

కానీ ముందు టీ-55 పూర్తి చేయండి. సీసం తీగ మంచి ఎంపిక, అయితే రంగు వేశాక దాన్ని మళ్లీ వంచవద్దు, పగుళ్లు వస్తాయి. ఎగ్జాస్టును తాకే కొసకు కాస్త తుప్పు రంగు, దాని తర్వాత నల్లని మసి పొడి రుద్దండి. అయ్యాక పైనుంచి ఒకటి, ఎడమ పక్క నుంచి ఒకటి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. స్టార్టింగ్ గాలి గొట్టాలు పన్నెండూ హెడ్లకు చేరాయో లేదో నేను చూస్తాను.